గింజలో నీలం కనిపిస్తే ప్రమోటర్ దొరికినట్టేనా?

వరి జన్యుక్రమం 2005లోనే పూర్తిగా వెలువడింది. సుమారు 1,600 కోట్ల బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు) ఉన్న గోధుమ జన్యుక్రమం కూడా 2018లో వచ్చేసింది. అక్షరాలన్నీ చేతిలో ఉన్నాక, ఒక జన్యువును గింజలో మాత్రమే పనిచేయించే డీఎన్ఏ ముక్క, అంటే ప్రమోటర్, ఎక్కడుందో కంప్యూటరే చెప్పేయాలి కదా! మళ్లీ నెలల తరబడి కణజాల వర్ధనం చేసి, ఆ ముక్కను మొక్కలోకి ఎక్కించి, రంగు వస్తుందో లేదో చూడటం ఎందుకు? తృణధాన్యాల్లో కొత్త ప్రమోటర్ కనుగొన్నారని వార్త వచ్చినప్పుడల్లా తలెత్తే ప్రశ్న ఇది. ప్రమోటర్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో జన్యుక్రమంలో రాసి ఉండదు. చిక్కంతా అక్కడే.

హద్దు గీత లేని డీఎన్ఏ

జన్యువు పనిచేయాలంటే ముందు దాని ఆర్ఎన్ఏ నకలు తయారవ్వాలి. ఆ పని చేసే ఎంజైమ్ ఆర్ఎన్ఏ పాలిమరేజ్-2. అది వచ్చి కూర్చునే చోటును కోర్ ప్రమోటర్ అంటారు. చాలా జన్యువుల్లో, నకలు మొదలయ్యే బిందువుకు 25 నుంచి 35 బేస్‌ల ఎగువన టాటా బాక్స్ అనే చిన్న వరుస ఉంటుంది. అయితే అన్ని జన్యువుల్లోనూ ఉండదు. దానికి ఇంకా ఎగువన, కొన్ని వందల బేస్‌ల మేర, జన్యువు పనిని పెంచే, తగ్గించే ప్రొటీన్లు (ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు) అతుక్కునే చిన్న చిన్న వరుసలు ఉంటాయి. జన్యువు ఆకులో పనిచేయాలా, గింజలో పనిచేయాలా, ఎంత జోరుగా పనిచేయాలి అన్నది ఎక్కువగా తేలేది ఈ భాగంలోనే.

తృణధాన్యాల గింజల్లో నిల్వ ప్రొటీన్లు తయారుచేసే జన్యువుల ఎగువన ‘టీజీటీఏఏఏజీ’ అనే ఏడక్షరాల వరుస తరచూ కనిపిస్తుంది. దాన్ని ప్రోలమిన్ బాక్స్ అంటారు. అది కనిపించిన చోటల్లా గింజ ప్రమోటర్ ఉందని అనుకోవచ్చా? లెక్క వేసి చూద్దాం. నాలుగు అక్షరాలూ సమానంగా వస్తాయనుకుంటే, ఒక నిర్దిష్టమైన ఏడక్షరాల వరుస సగటున 16,384 బేస్‌లకు ఒకసారి ఎదురవుతుంది. డీఎన్ఏ రెండు పోగులనూ చదివితే 8,192 బేస్‌లకు ఒకసారి. వరి జన్యుసముదాయం దాదాపు 40 కోట్ల బేస్‌లు. అంటే కేవలం యాదృచ్ఛికంగానే ఈ వరుస 48 వేల చోట్లకు పైగా కనిపించాలి. వరిలోని జన్యువుల మొత్తం సంఖ్యే దాదాపు 40 వేలు! ప్లేస్, ప్లాంట్‌కేర్ లాంటి డేటాబేస్‌లు ఏ ముక్కను ఇచ్చినా డజన్లకొద్దీ ‘బాక్స్’లను చూపించడానికి కారణం ఇదే. ఆ పట్టికలు అనుమానితుల జాబితాలే. వాటిని సాక్ష్యంగా చూపే వ్యాసాలు ఇప్పటికీ వస్తుండటం విచారకరం.

రెండో సమస్య దూరం. మామూలుగా జన్యువుకు ఎగువన 1,500 నుంచి 2,000 బేస్‌లను కోసి ప్రమోటర్ అని పిలుస్తారు. ఇది సౌలభ్యం కోసం పెట్టుకున్న కొలత. వరిలో గింజ రాలడాన్ని ప్రభావితం చేసే క్యూఎస్‌హెచ్-1 జన్యువు విషయంలో తేడా తెచ్చిన ఒకే ఒక్క అక్షరం ఆ జన్యువుకు 12 వేల బేస్‌ల ఎగువన ఉందని 2006లో తేలింది. మొక్కజొన్నలో పిలకలను అణిచే టీబీ-1 జన్యువును ఉద్ధృతం చేసిన జంపింగ్ జీన్ (జన్యుక్రమంలో చోటు మారే డీఎన్ఏ) ముక్క దాదాపు 60 వేల బేస్‌ల అవతల ఉంది. రెండు వేల బేస్‌లు కోసి పరీక్షించేవారికి ఇవి ఎన్నటికీ దొరకవు.

రిపోర్టర్: కనిపించని పనికి కనిపించే గుర్తు

ఒక ముక్క ప్రమోటర్‌గా పనిచేస్తుందో లేదో చూడాలంటే దాని సొంత జన్యువును పక్కనపెట్టి, పని జరిగితే కంటికి కనిపించే ఇంకో జన్యువును తగిలించాలి. దాన్నే రిపోర్టర్ అంటారు. మొక్కల్లో ఎక్కువగా వాడేది ఈ.కోలై బ్యాక్టీరియా నుంచి తీసుకున్న యూఐడీఏ జన్యువు. అది తయారుచేసే బీటా-గ్లూకురోనిడేజ్ ఎంజైమ్‌ను అందరూ గస్ అనే పిలుస్తారు. రిచర్డ్ జెఫర్‌సన్ బృందం 1987లో దీన్ని మొక్కలకు పరిచయం చేసింది. ఎక్స్-గ్లూక్ అనే పదార్థాన్ని గస్ విడగొడితే ముదురు నీలం వస్తుంది. జెల్లీఫిష్ నుంచి వచ్చిన ఆకుపచ్చ ప్రొటీన్ జీఎఫ్‌పీ, మిణుగురుల లూసిఫరేజ్ కూడా వాడుకలో ఉన్నాయి. కణాన్ని చంపకుండా చూడాలంటే ఆ రెండే మేలు.

నిర్మాణం ఇలా ఉంటుంది: పరీక్షించాల్సిన ముక్క, దాని వెనక గస్, చివర నకలును ఆపే టెర్మినేటర్. కాగితం మీద ఇంత తేలిక. చేతిలోకి వచ్చేసరికి చిన్న పొరపాటు మొత్తం పనిని పాడుచేయగలదు. ప్రొటీన్ తయారీ ‘ఏటీజీ’ అనే మూడక్షరాల దగ్గర మొదలవుతుంది. ముక్కను అతికించడానికి ఎస్‌పీహెచ్-1 ఎంజైమ్ కోత స్థలాన్ని వాడారనుకోండి. దాని వరుస ‘జీసీఏటీజీసీ’. మధ్యలో ఏటీజీ దాక్కుని ఉంది. ఆ స్థలం ప్రమోటర్‌కూ గస్‌కూ మధ్య మిగిలిపోతే, ప్రొటీన్ తయారుచేసే రైబోజోమ్ అక్కడే మొదలుపెట్టి తప్పు ఫ్రేమ్‌లో, అంటే మూడేసి అక్షరాల విభజన తప్పి, చదువుకుంటూ పోవచ్చు. నకలు పుష్కలంగా ఉన్నా నీలం రాదు. ప్రమోటర్ బలహీనమని నివేదిక మాత్రం వస్తుంది.

వెతకడానికి రెండు దారులు

మొదటి దారి తెలిసిన జన్యువు నుంచి వెనక్కి నడవడం. ఏ జన్యువు ఆర్ఎన్ఏ కావలసిన కణజాలంలో మాత్రమే ఉందో ముందు చూసి, దాని ఎగువ భాగాన్ని కోసి, రిపోర్టర్‌కు తగిలిస్తారు. వరి గ్లూటెలిన్, బార్లీ హోర్డీన్, గోధుమ గ్లూటెనిన్ జన్యువుల ప్రమోటర్లు ఇలా వచ్చినవే. గోల్డెన్ రైస్‌లో కెరోటిన్ దారిని గింజ అంకురచ్ఛదంలో (పిండి నిల్వ ఉండే భాగంలో) నడిపించడానికి వాడినది వరి గ్లూటెలిన్ ప్రమోటరే.

రెండోది ఉచ్చు పద్ధతి. ప్రమోటర్ లేని గస్ జన్యువును టీ-డీఎన్ఏ (అగ్రోబాక్టీరియం అనే బ్యాక్టీరియా మొక్క కణంలోకి చేరవేసే డీఎన్ఏ ముక్క) అంచున, కుడి సరిహద్దుకు ఆనించి పెట్టి, వేల మొక్కల్లోకి ఎక్కిస్తారు. అది ఎక్కడ దూరుతుందో మన చేతిలో లేదు. అదృష్టవశాత్తు ఒక జన్యువు లోపల, సరైన దిశలో దిగితే ఆ జన్యువు ప్రమోటరే గస్‌ను నడుపుతుంది. ఇంట్రాన్ అంటే ఆర్ఎన్ఏ నకలు నుంచి కత్తిరించి పారేసే భాగం. గస్‌కు ముందు ఇంట్రాన్ స్ప్లైస్ (కత్తిరింపు) స్థలాలను పెట్టడం వల్ల, ఇంట్రాన్‌లో దిగినా చదవబడే అవకాశం ఉంటుంది. కనీస ప్రమోటర్ ఒకటి తగిలిస్తే అది ఎన్‌హాన్సర్ (ప్రమోటర్ పనిని దూరం నుంచి పెంచే వరుస) ఉచ్చు అవుతుంది. అప్పుడు జన్యువు లోపలే దిగాల్సిన పనిలేదు, దగ్గర్లో దిగినా చాలు. కొరియా పరిశోధకులు 2000లో ప్రకటించిన ఇలాంటి వరి సేకరణలో 22 వేలకు పైగా మొక్కలున్నాయి. పరీక్షించిన అవయవాల్లో నీలం వచ్చినవి సుమారు 2 శాతం.

నీలం వచ్చిన మొక్కలో టీ-డీఎన్ఏకు ఆనుకున్న వరుసను టెయిల్-పీసీఆర్‌తోనో ఇన్వర్స్ పీసీఆర్‌తోనో చదివి, ఏ జన్యువు దగ్గర దిగిందో తెలుసుకుంటారు. ఈ పద్ధతికి పెద్ద బలం, ముందస్తు ఊహ అక్కర్లేకపోవడం. ఎవరూ అనుమానించని చోట్ల కూడా ప్రమోటర్లు బయటపడతాయి. బలహీనత కూడా అదే. మామూలు మొక్కలో ఎన్నడూ పనిచేయని వరుసలు కొన్ని, పక్కన రిపోర్టర్ చేరగానే ప్రమోటర్‌లా ప్రవర్తిస్తాయి. అందుకే జన్యు మార్పిడి లేని మొక్కలో ఆ చోటి నుంచి సహజంగా ఆర్ఎన్ఏ వస్తోందో లేదో చూడకుండా ఉచ్చు ఫలితాన్ని నమ్మకూడదు. ఇక గోధుమ విషయానికొస్తే, జన్యుసముదాయంలో 80 శాతానికి పైగా పునరావృత వరుసలే. ఉచ్చు చాలాసార్లు ఖాళీ జాగాలో పడుతుంది. వరిలో ఫలించిన పద్ధతి గోధుమలో అంతగా వేళ్లూనుకోలేదు.

మొక్కలోకి ఎక్కించడమే అసలు గండం

పొగాకు ఆకు ముక్కల్లో తేలిగ్గా అయ్యే పని తృణధాన్యాల్లో చాలాకాలం అసాధ్యంగా కనిపించింది. అగ్రోబాక్టీరియం ప్రకృతిలో ఎక్కువగా ద్విదళబీజాలకే సోకుతుంది. తృణధాన్యాల ముదిరిన ఆకు కణాలు మళ్లీ విభజన చెంది మొక్కగా మారవు. వరిలో నమ్మదగిన అగ్రోబాక్టీరియం పద్ధతిని జపాన్ పరిశోధకులు 1994లో ప్రచురించారు. మొక్కజొన్నలో 1996లో, బార్లీ, గోధుమల్లో 1997లో దారి దొరికింది.

వరిలో మొదలుపెట్టేది ముదిరిన గింజ స్కుటెల్లమ్ (పిండంలోని బీజదళం) నుంచి వచ్చే కాలస్ (ఆకారం లేని కణాల ముద్ద)తో. లీటరుకు 2 మిల్లీగ్రాముల 2,4-డి (హార్మోన్‌లా పనిచేసే రసాయనం) ఉన్న మాధ్యమంలో అది పెరుగుతుంది. బ్యాక్టీరియాను నిద్ర లేపడానికి 100 మైక్రోమోలార్ అసిటోసిరింగోన్ కలిపి, 25 డిగ్రీల దగ్గర చీకట్లో మూడు రోజులు కలిసి ఉంచుతారు. తర్వాత బ్యాక్టీరియాను చంపడానికి సెఫోటాక్సిమ్, జన్యువు ఎక్కని కణాలను ఏరేయడానికి లీటరుకు 50 మిల్లీగ్రాముల హైగ్రోమైసిన్. కనామైసిన్ ఇక్కడ అంతగా పనికిరాదు. తృణధాన్యాల కణాలు దాన్ని సహజంగానే తట్టుకుంటాయి, జన్యువు ఎక్కనివీ బతికేస్తాయి. బార్లీలో 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల లేత పిండాలు కావాలి. అందులో అక్షాన్ని గిల్లి తీసేయకపోతే కాలస్ రావడానికి బదులు మొలకెత్తిపోతుంది. గోధుమకు ఇంకా చిన్నవి, 1 నుంచి 1.5 మిల్లీమీటర్లవి పనికొస్తాయి. పూత తర్వాత రెండు మూడు రోజుల తేడా కూడా ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

ఇంకో దారి జీన్ గన్. 0.6 లేదా 1 మైక్రాన్ బంగారు రేణువులకు డీఎన్ఏ పూసి హీలియం పీడనంతో కణాల్లోకి దూర్చడం. ఎక్కువగా వాడే పీడనం చదరపు అంగుళానికి 1,100 పౌండ్లు. ఒకటి రెండు రోజుల్లోనే తాత్కాలిక ఫలితం చూడొచ్చు. బార్లీ అల్యూరాన్ పొరలో (అంకురచ్ఛదం వెలుపలి పొరలో) జిబ్బరెల్లిన్ హార్మోన్‌కు స్పందించే అమైలేజ్ ప్రమోటర్ల గురించి చాలా సంగతులు ఇలాంటి తాత్కాలిక ప్రయోగాల్లోనే తేలాయి. కానీ ఒక్కో కణంలో ఎన్ని ప్రతులు పడ్డాయో తెలియదు. అందుకే ఎప్పుడూ పనిచేసే ఇంకో ప్రమోటర్‌తో రెండో రిపోర్టర్‌ను కలిపి కొట్టి, మొదటిదాన్ని రెండోదానితో భాగించి చూస్తారు. శాశ్వత మొక్కల విషయంలో గన్‌కు ఇంకో ఇబ్బంది ఉంది. ఒకే చోట బోలెడు ప్రతులు, విరిగిన ముక్కలు కుప్పగా చేరతాయి. అలాంటి చోట జన్యువు మూగబోవడం ఎక్కువ.

నీలం చెప్పే అబద్ధాలు

కోసిన కణజాలాన్ని 7.0 పీహెచ్ ఫాస్ఫేట్ బఫర్‌లో, సుమారు 1 మిల్లీమోలార్ ఎక్స్-గ్లూక్‌తో 37 డిగ్రీల దగ్గర కొన్ని గంటల నుంచి ఒక రాత్రి వరకు ఉంచుతారు. పత్రహరితాన్ని 70 శాతం ఇథనాల్‌తో కడిగేస్తే నీలం స్పష్టంగా తేలుతుంది. ఇక్కడే పొరబడటానికి అవకాశాలు ఎక్కువ.

వరి ఆకు మీద మైనపు పొర, సిలికా ఉంటాయి. ఎక్స్-గ్లూక్ లోపలికి సరిగ్గా దిగదు. ఫలితంగా కోసిన అంచుల్లో మాత్రమే నీలం కనిపిస్తుంది. గాయానికి స్పందించే ప్రమోటర్ దొరికిందని సంబరపడితే అంతే సంగతులు! ఆకును చిన్న ముక్కలుగా కోసి, వాక్యూమ్ పెట్టి ద్రవాన్ని లోపలికి లాగాక కూడా అంచుల్లోనే ఉంటే అప్పుడు ఆలోచించాలి. గస్ చర్యలో మొదట పుట్టేది రంగులేని మధ్యస్థ పదార్థం. అది ఆక్సీకరణం చెందాకే నీలమవుతుంది. ఈలోపు పక్క కణాల్లోకి జారిపోగలదు. దాన్ని ఆపడానికి ఫెర్రి, ఫెర్రోసయనైడ్‌లను చెరి 0.5 మిల్లీమోలార్ కలుపుతారు. ఎక్కువ వేస్తే ఎంజైమే మందగిస్తుంది. నాళాల్లో మాత్రమే పనిచేసే ప్రమోటర్ అని చెప్పేముందు ఈ జారుడును లెక్కలోకి తీసుకున్నారో లేదో చూడాలి.

కణజాలంలో మిగిలిపోయిన అగ్రోబాక్టీరియం కూడా గస్ తయారుచేయవచ్చు. అందుకే గస్ జన్యువు మధ్యలో ఒక ఇంట్రాన్‌ను ఇరికిస్తారు. బ్యాక్టీరియాకు ఇంట్రాన్‌ను కత్తిరించడం రాదు, మొక్క కణానికి వచ్చు. పుప్పొడి, పూల భాగాల్లో మొక్క సొంత ఎంజైమ్‌ల వల్ల పలుచటి నీలం రావడం కూడా ఉంది. బఫర్‌లో 20 శాతం మిథనాల్ కలిపితే అది తగ్గుతుంది. జన్యు మార్పిడి లేని మొక్క ముక్కను అదే గిన్నెలో పక్కన పెట్టనిదే ఏ నీలమూ రుజువు కాదు.

అన్నిటికన్నా కనిపెట్టడం కష్టమైనది వేరే ఉంది. హైగ్రోమైసిన్ నిరోధక జన్యువును నడపడానికి చాలా వెక్టర్లలో (జన్యువును మోసుకెళ్లే డీఎన్ఏ వాహకాల్లో) కాలీఫ్లవర్ మొజాయిక్ వైరస్ 35ఎస్ ప్రమోటర్ ఉంటుంది. దాని ఎన్‌హాన్సర్ పక్కింటి ప్రమోటర్‌ను కూడా రెచ్చగొడుతుంది. అప్పుడు గింజ ప్రమోటర్ ఆకులో, వేరులో సైతం నీలం చూపిస్తుంది. తప్పు పరీక్షిస్తున్న ముక్కది కాదు, పొరుగుది.

గస్ ప్రొటీన్ తయారయ్యాక రోజుల తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది కూడా. పాలు పట్టే దశలో పనిచేసి ఆగిపోయిన ప్రమోటర్, గింజ ముదిరాక కూడా నీలంగానే కనిపిస్తుంది. ఎప్పుడు ఆగిందన్న ప్రశ్నకు గస్ ఆర్ఎన్ఏను కొలవాలి, లేదా త్వరగా క్షీణించే లూసిఫరేజ్‌ను వాడాలి.

పన్నెండు మొక్కలు, ఒకటే ప్రమోటర్

రంగు ఎక్కడో చెబుతుంది, ఎంతో చెప్పదు. అందుకు ఎమ్‌యూజీ అనే పదార్థం వాడతారు. గస్ దాన్ని విడగొడితే మెరిసే 4-ఎంయూ వస్తుంది. 20 మైక్రోగ్రాముల ప్రొటీన్ ఉన్న సారం 60 నిమిషాల్లో 3,600 పికోమోళ్ల 4-ఎంయూ ఇచ్చిందనుకుందాం. నిమిషానికి 60 పికోమోళ్లు. 20 మైక్రోగ్రాములంటే 0.02 మిల్లీగ్రాములు కనుక, నిమిషానికి ఒక మిల్లీగ్రాము ప్రొటీన్‌కు 3,000.

ఇదే సంఖ్య ప్రమోటర్ బలమా? కాదు, ఆ ఒక్క మొక్క కొలత. టీ-డీఎన్ఏ క్రోమోజోమ్‌లో దిగిన చోటును బట్టి అదే ప్రమోటర్ ఒకచోట చెలరేగుతుంది, ఇంకోచోట నోరు మూసుకుంటుంది. ఒకే నిర్మాణంతో వచ్చిన 12 స్వతంత్ర మొక్కల విలువలు ఇలా వచ్చాయని ఊహించండి: 0, 0, 180, 240, 260, 310, 330, 350, 420, 480, 610, 9,400. సగటు 1,048. మధ్యస్థం 320. సగటు పట్టుకుంటే మూడింతలు బలమైన ప్రమోటర్ దొరికినట్టు. కానీ పన్నెండింటిలో పదకొండు మొక్కలు సగటుకు కింద ఉన్నాయి. ఆ 9,400 మొక్క ఏదో బలమైన ఎన్‌హాన్సర్ పక్కన దిగి ఉండవచ్చు. సున్నాలు మూగబోయినవైనా కావచ్చు, గస్ తెగిపోయినవైనా కావచ్చు. టీ-డీఎన్ఏ కుడి సరిహద్దు నుంచి మొదలై లోపలికి వస్తుంది, తెగితే ఎక్కువగా ఎడమ కొసే తెగుతుంది. అందుకని ఎంపిక జన్యువును ఎడమ వైపు పెడితే, హైగ్రోమైసిన్‌ను తట్టుకున్న మొక్కలో గస్ కూడా నిండుగా ఉండే అవకాశం పెరుగుతుంది.

ఎన్ని చోట్ల దిగిందో గింజలే కొంత చెబుతాయి. మొదటి తరం మొక్క మీద కాసిన 40 గింజలను అడ్డంగా కోసి రంగు పరీక్ష చేస్తే, ఒకేచోట దిగి ఉంటే దాదాపు 30 గింజల అంకురచ్ఛదం నీలమై, 10 తెల్లగా మిగలాలి. వేర్వేరు క్రోమోజోమ్‌ల్లో రెండు చోట్ల దిగితే తెల్లవి పదహారింట ఒకటికి పడిపోతాయి. గింజ పై పొర మాత్రం తల్లి మొక్క కణజాలం, అందులో ఈ చీలిక కనిపించదు. ఆ పొర నీలాన్ని అంకురచ్ఛదం నీలంగా లెక్కేస్తే నిష్పత్తే తప్పుతుంది.

ఇంట్రాన్ పేచీ

ద్విదళబీజాల్లో దుమ్ము రేపే 35ఎస్, తృణధాన్యాల్లో అంత ఘనంగా ఉండదు. అక్కడ రాజ్యమేలేవి 1990లో వచ్చిన వరి యాక్టిన్-1, 1992లో వచ్చిన మొక్కజొన్న యుబిక్విటిన్-1 ప్రమోటర్లు. రెండింటికీ ఒక రహస్యం ఉంది: మొదటి ఇంట్రాన్. యాక్టిన్-1లో ఆ ఇంట్రాన్ తీసేస్తే రిపోర్టర్ పని దాదాపు అడుగంటుతుంది. రెండు వేల బేస్‌ల యుబిక్విటిన్ ముక్కలో సగం ఇంట్రానే.

ఇంట్రాన్ నకలు మొదలయ్యే చోటుకు దిగువన ఉంటుంది కనుక కచ్చితమైన నిర్వచనం ప్రకారం అది ప్రమోటర్ కాదని ఒక వర్గం అంటుంది. పనిచేయడానికి కావలసినదంతా కలిపే ప్రమోటర్ అనాలని, వెక్టర్ తయారుచేసేవారికి పనికొచ్చేది అదేనని మరో వర్గం. రెండో మాటలో ఆచరణ ఉంది. కానీ పోలిక చేసేటప్పుడు మొదటి మాటే గెలుస్తుంది: ఇంట్రాన్ ఉన్న పాత ప్రమోటర్‌ను, ఇంట్రాన్ లేని కొత్తదానితో పక్కపక్కన పెట్టి కొత్తది బలహీనమని తేల్చడం సరికాదు.

ముక్కలు కోస్తూ పోతే

పనిచేసే ముక్క దొరికాక, అందులో ఏ భాగం ఏం చేస్తోందో చూడటానికి ఎగువ నుంచి కొంచెం కొంచెంగా కోసుకుంటూ వస్తారు. ఊహాత్మకంగా, మధ్యస్థ విలువలు ఇలా ఉన్నాయనుకుందాం. 1,500 బేస్‌లుంటే అంకురచ్ఛదంలో 3,000, ఆకులో 10. 900 బేస్‌లకు కోస్తే దాదాపు అంతే. 500కు కోస్తే గింజలో 2,800 అలాగే ఉంది గానీ ఆకులో 900కు ఎగబాకింది. 200కు కోస్తే రెండుచోట్లా 250 దగ్గర. 60 బేస్‌లకు కోస్తే సున్నా.

గింజలో బలం ఇచ్చేది 500కు, 200కు మధ్య ఉంది. ఆకులో నోరు నొక్కేది 900కు, 500కు మధ్య ఉంది. అంటే గింజకే పరిమితం కావడం అన్న గుణం రెండు వేర్వేరు భాగాల ఉమ్మడి పని. 500 బేస్‌ల చిన్న ముక్కే చాలని వెక్టర్‌లో పెట్టుకున్నవారికి ఆకులో లీకు తప్పదు. తర్వాత మెట్టుగా 500–200 భాగాన్ని మాత్రమే తీసి, తనంత తాను పనిచేయలేని 46 బేస్‌ల 35ఎస్ కనీస ముక్కకు తగిలించి చూస్తారు. గింజలో వెలిగితే ఆ భాగం ఒక్కటే సరిపోతుందని అర్థం.

ఇంత శ్రమ ఇంకా అవసరమా అన్న వాదన ఇప్పుడు గట్టిగానే ఉంది. 2021లో వెలువడిన ఒక అధ్యయనంలో అరబిడాప్సిస్ (ఆవాల కుటుంబపు ప్రయోగశాల మొక్క), మొక్కజొన్న, జొన్న జన్యువుల 170 బేస్‌ల కోర్ ప్రమోటర్లను వేల సంఖ్యలో ఒకేసారి పొగాకు ఆకుల్లో, మొక్కజొన్న ప్రోటోప్లాస్ట్‌లలో (గోడ తీసేసిన కణాల్లో) కొలిచారు. ఒక్కో ప్రమోటర్‌కు పన్నెండేసి మొక్కలు పెంచేవారు ఇంత వేగాన్ని ఊహించలేరు. అయితే ప్రోటోప్లాస్ట్‌కు పాలు పట్టే దశ లేదు, అల్యూరాన్ లేదు, పుప్పొడి లేదు. ఏ ముక్కకు ఎంత బలం ఉందో అది చెప్పగలదు. ఎదుగుదలలో ఎప్పుడు, ఏ పొరలో అన్నదానికి ఇప్పటికీ నిండు మొక్కే కావాలి.

జన్యు సవరణ ఇంకో కోణం తెచ్చింది. ఇప్పటిదాకా చెప్పిన ప్రయోగాలన్నీ ఒక ముక్క పరాయి చోట పనిచేయగలదని చూపిస్తాయి. సొంత చోట అది అవసరమా అని చెప్పవు. క్రిస్పర్‌తో మొక్క సొంత ప్రమోటర్‌లోనే అక్షరాలు తీసేసి చూడొచ్చు. వరిలో బ్యాక్టీరియా ఎండు తెగులు క్రిమి, స్వీట్ జన్యువుల ప్రమోటర్లలో ఒక నిర్దిష్ట వరుసకు తన ప్రొటీన్‌ను అతికించి చక్కెరను బయటికి రప్పించుకుంటుంది. ఆ వరుసలను మాత్రమే చెరిపిన వరి మొక్కలు తెగులును తట్టుకున్నాయని 2019లో చూపించారు. వరిలో ఇది చేయగలిగారు. గోధుమలో మాత్రం ఒకే జన్యువుకు ఏ, బీ, డీ జన్యుసముదాయాల్లో మూడు ప్రతులుంటాయి, మూడింటి ప్రమోటర్లూ కొద్దికొద్దిగా వేరు. ఒకదాన్ని చెరిపినప్పుడు మార్పేమీ కనిపించకపోతే, ఆ వరుసకు పనిలేదని అనుకోవడానికి వీల్లేదు. మిగతా రెండు ప్రతులు ఆ లోటు పూడ్చి ఉండవచ్చు.